సగం గెలాక్సీ

వరంగల్ ఎండాకాలంలో మా కంప్యూటర్ సెంటర్‌కు దక్కినంత గౌరవం ఊళ్లో ఇంకే ఆఫీసుకూ దక్కేది కాదు. కారణం కంప్యూటర్ కాదు, ఏసీ. వేడెక్కితే యంత్రం మొరాయిస్తుందని మా ఇంజనీరింగ్ కాలేజీ వాళ్లు ఆ ఒక్క హాలుకే ఏసీ పెట్టించారు. ఏప్రిల్ వచ్చిందంటే కాలేజీలోని సార్లందరికీ కంప్యూటర్ మీద ఎక్కడ లేని సందేహాలు పుట్టుకొచ్చేవి. "ఇది ఎట్ల పనిచేస్తదమ్మా?" అని అడిగి, నేను జవాబు మొదలుపెట్టేలోపే కుర్చీలో కళ్లు మూసేవాళ్లు. నాకు ఒళ్లు మండేది.

నేనక్కడ ప్రోగ్రామర్‌ని. లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, డెబ్బయ్యో దశకం మధ్యలో చేరాను. హాల్లో ఆడమనిషిని నేనొక్కదాన్నే. నోరు కాస్త దురుసు. ఉద్యోగంలో అది నాకు అడ్డం వచ్చిన సందర్భాల కంటే పనికొచ్చిన సందర్భాలే ఎక్కువ.

ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరుతున్న మీ కోసం ఇది రాస్తున్నాను. మీ ఫోను ముందు మా యంత్రం ఎంత అల్పమైనదో చెప్పి విసిగించను, భయపడకండి. అవి మీ ఇళ్లలో పెద్దవాళ్లు చెప్పే ఉంటారు. నేను ఒక మనిషి గురించి చెబుతాను. పేరు రాయను. తన పేరు అచ్చులో కనిపిస్తే ఆయన సిగ్గుతో చచ్చిపోయేవారు.

ఊళ్లోని ఒక డిగ్రీ కాలేజీలో ఆయన ఫిజిక్స్ లెక్చరర్. నేను మొదటిసారి చూసేనాటికి నలభై దాటాయి. మా సెంటర్ ఇన్‌ఛార్జి సారే ఆయన పీహెచ్‌డీకి గైడు కాబట్టి శనివారం మధ్యాహ్నాలు యంత్రాన్ని ఆయనకు కేటాయించారు. మొదటి శనివారం ఆయన వరండాలో, ఎండ పడుతున్న చోట, సైకిల్ పక్కన నిలబడి ఉన్నారు. లోపలికొచ్చి చల్లగా కూర్చోమన్నాను.

"పని లేంది చల్లదనం ఎందుకు బిడ్డా? నా టైమైనంక వస్త" అన్నారు.

లోపల గురక పెడుతున్న ముగ్గురు పెద్దమనుషులకు వినిపించేలా తలుపు గట్టిగా వేశాను. ఆ క్షణం నుంచి నేను ఆయన పక్షం.

ఆయన పని గెలాక్సీల మీద. వరంగల్‌లో గెలాక్సీలేమిటని అప్పట్లో చాలామంది నవ్వారు. కొన్ని గెలాక్సీల్లో సుడి చేతులు నడిమధ్య నుంచి కాకుండా, మధ్యలో ఉన్న ఒక పొడవాటి కడ్డీ రెండు కొసల నుంచీ బయల్దేరుతాయి. ఆ కడ్డీ ఇనుమూ కాదు, కట్టే కాదు. అదీ నక్షత్రాలే. మొదట అన్ని నక్షత్రాలూ ఇంచుమించు గుండ్రంగా తిరుగుతుంటాయి. ఇంచుమించు అన్నాను కదా, అసలు కథంతా ఆ మాటలోనే ఉంది. ఆ దారులు కోడిగుడ్డులా కొద్దిగా సాగి ఉంటాయి, ఒక్కో గుడ్డు ఒక్కో దిక్కుకు తిరిగి ఉంటుంది. ఎక్కడో రెండు దారులు ఒకే దిక్కుకు వాలితే, వాటి ఆకర్షణ మూడోదాన్ని కూడా అటే లాగుతుంది. మూడు కలిస్తే నాలుగోది ఇంకా తొందరగా వస్తుంది. అలా వేలకు వేల దారులు ఒకే దిక్కుకు పడుకుంటే మనకు కడ్డీ కనిపిస్తుంది.

"అంటే నక్షత్రాలు కడ్డీల అతుక్కపోతయా సార్?" అని అడిగాను.

"మేడారం జాతరకు పోయినవా?"

"చిన్నప్పుడు మా అమ్మతోని పోయిన. ఎడ్లబండి మీద."

"వాగు కాడ బండ్లు ఆగినయా?"

"పొద్దుగూకేదాక ఆగినయి."

"ఆగిన బండ్లు ఆన్నే ఉన్నయా?"

"లేదు సార్. ముందటియి దాటుకుంట పోతాంటే ఎనుకటియి వచ్చి చేరినయి."

"మరి గుంపు?"

"గుంపు మాత్రం ఆన్నే ఉన్నది."

"గంతే బిడ్డా. కడ్డీ అంటె గుంపు. నక్షత్రాలు దాంట్లకెల్లి వస్తయి, పోతయి. వాగు కాడి గుంపు కదలది. గీ గుంపు మాత్రం తన లెక్కల తను మెల్లగ తిరుగుతాంటది."

కడ్డీ ఎలా పుడుతుందో అప్పటికే విదేశాల్లో పెద్ద యంత్రాల మీద చేసి చూపించారు. ఆ పత్రికలు ఓడల మీద వచ్చి, హైదరాబాద్ లైబ్రరీలో నిద్రపోయి, మా చేతికి చేరేసరికి చాలా ఆలస్యమయ్యేది. సార్‌ది ఆ తర్వాతి ప్రశ్న. పుట్టిన కడ్డీ ఎప్పటికీ ఒకే వేగంతో తిరుగుతుందా, లేక నెమ్మదిస్తుందా? నెమ్మదిస్తుందనే ఆయన నమ్మకం. కడ్డీ తన తిరుగుడును కొద్దికొద్దిగా బయటి నక్షత్రాలకు ఇచ్చేస్తూ పోతుందనీ, ఇచ్చినకొద్దీ తాను నెమ్మదించి పొడుగవుతుందనీ ఆయన కాగితం మీద లెక్క కట్టారు. అది నిజంగా జరుగుతుందో లేదో చూడాలి. ఆయన జీవితంలో ఆయనకు కావలసింది, నాకు తెలిసినంతవరకు, అదొక్కటే.

చూడటానికి మా యంత్రం చాల్లేదు. దానికి పట్టినన్ని నక్షత్రాలతో మొదలుపెడితే అవి పోపులో ఆవాల్లాగా చిటపటమని చెదిరిపోయేవి. ఇంకా ఎక్కువ కావాలి, యంత్రంలో చోటు లేదు. కొన్ని శనివారాలు అలాగే పోయాయి. ఆ తర్వాత ఒకరోజు ఆయన నవ్వుకుంటూ వచ్చారు.

"మా అబ్బా జంపఖానలు నేసేటోడు, నీకు చెప్పిన్నా?"

వాళ్ల నాన్న గురించి ఎప్పుడూ చెప్పలేదు. నేల మీద పరిచే ఆ రంగురంగుల జంపఖానాలు మా ఊళ్లో ఎన్నో ఇళ్లలో నేసేవారు. ఆయన చిన్నతనమంతా మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని గడిచిందట.

"నేసే బొమ్మ నక్షా ఎన్నడు మొత్తం గీసేటోడు గాదు. సగమే గీసేటోడు. మిగిలిన సగం దాన్నే తిప్పి నేసుడు. సగం తెలిస్తె మొత్తం తెలిసినట్టే గద? మనం గెలాక్సీని సగమే ఉంచుదాం బిడ్డా. ప్రతి నక్షత్రానికి ఎదురుంగ, నడిమి నుంచి గంతే దూరంల, ఒక జోడు ఉన్నదనుకుందాం. యంత్రానికి సగం బరువు తప్పుతది."

నేను ఎగిరి గంతేసినంత పనిచేశాను. ఎంత సుళువు! మర్నాటి నుంచే ప్రోగ్రాం తిరగరాశాను. యంత్రం జోడు నక్షత్రాల ఆకర్షణను కూడా లెక్కలోకి తీసుకుంటుంది, కానీ వాటిని దాచుకోనక్కర్లేదు. ఈసారి నక్షత్రాలు చెదరలేదు.

ప్రతి శనివారం పని ముగిసేసరికి యంత్రం ఒక్కో నక్షత్రానికి ఒక్కో అట్టకార్డు చిల్లులు పొడిచి ఇచ్చేది. ఆ నక్షత్రం ఎక్కడుంది, ఎటు పోతోంది అన్నది ఆ చిల్లుల్లో ఉంటుంది. మళ్లీ శనివారం ఆ కార్డులు తినిపిస్తే గెలాక్సీ ఆగిన చోటి నుంచి కదులుతుంది. కార్డులున్న పెట్టెను సార్ సైకిల్ వెనక జంపఖానా దారంతో కట్టుకుని ఇంటికి తీసుకెళ్లేవారు. సెంటర్‌లో పెట్టి పొమ్మంటే వినేవారు కాదు, ఎలుకలంటే భయం. వానాకాలంలో రెయిన్‌కోటు పెట్టెకు తొడిగి తాను తడిసి ముద్దై వచ్చేవారు. "సార్, సగం గెలాక్సీ క్షేమమేనా?" అని ఏడిపించేదాన్ని.

కడ్డీ పుట్టింది. లైన్ ప్రింటర్ గడగడమంటూ చుక్కల బొమ్మ కొట్టి ఇస్తే, మధ్యలో చుక్కలన్నీ ఒక దిక్కుకు పేరుకుని ఉన్నాయి. సార్ పెన్సిల్‌తో కడ్డీ పొడవునా ఒక గీత గీశారు. ప్రతి శనివారం ఒక కొత్త బొమ్మ, దాని మీద ఒక గీత. గీత ఎంత మళ్లిందో కోణమానిని పెట్టి కొలిచేవాళ్లం. ఏడాది తిరిగేసరికి ఆ మళ్లడం తగ్గుతూ వస్తోందని ఇద్దరికీ కనిపించింది.

"ఇచ్చుకుంట పోతాంది బిడ్డా" అన్నారు ఆయన, బొమ్మ మీద చెయ్యి పెట్టి. "ఉన్నదంత ఇచ్చుకుంట పోతాంది."

ఆ రోజు నన్ను ఇంటికి తీసుకెళ్లారు. ఆయన భార్యను అప్పటి నుంచీ ఆపా అని, అంటే అక్కా అని, పిలిచేదాన్ని. పెదవి మీద ఎప్పుడూ ఒక వెక్కిరింత సిద్ధంగా ఉండే మనిషి. "ఇంట్ల బల్బు పోయి నెల అయితాంది, జర మార్చుమంటె మార్చడు. ఆస్మాన్ల ఏదో తిరుగుడు తగ్గిందట, దానికి దావతు" అంటూనే నాకు రెండోసారి బగారన్నం వడ్డించింది.

థీసిస్ రాయడం అయిపోయింది. సమర్పించేముందు సెమినార్ చెప్పాలి. బయటి నుంచి ఒక నిపుణుణ్ణి పిలిపించారు. కోస్తా మనిషి, పెద్దాయన, మెత్తని మాట. నేను అలాంటి వాళ్లందరినీ ముందే అనుమానిస్తాను కానీ ఆయనలో తప్పుపట్టడానికి ఏమీ దొరకలేదు. సార్ చెబుతున్నంతసేపూ శ్రద్ధగా విన్నారు. గోడకు వరసగా అంటించిన మా బొమ్మల దగ్గరికి వెళ్లి, ఒక్కోదాన్ని కళ్లద్దాలు ఎత్తి చూశారు.

"చాలా బాగున్నాయండీ. మీ కడ్డీ రెండు కొసలూ అచ్చు ఒకేలా ఉన్నాయే, ఎలా?"

సార్ సంతోషంగా చెప్పారు, జంపఖానా సంగతి, సగం నక్షా సంగతి. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్దాయన నవ్వలేదు. మళ్లీ బొమ్మల వైపు తిరిగారు.

"మాస్టారూ, జంపఖానా నేసేవాడికి రెండో సగం ఎలా ఉండాలో ముందే తెలుసు. గెలాక్సీకి తెలియదు కదండీ" అన్నారు. "ఒక పక్క ఎక్కడైనా చిన్న ముద్ద కడితే, మీ లెక్కలో రెండో పక్క కూడా అదే ముద్ద కడుతుంది. రెండూ కలిసి కడ్డీని పట్టి లాగుతాయి. అది నెమ్మదించడం దాని స్వభావమో, మీరు కట్టిన జోడు వల్లో ఎలా తేలుస్తాం?"

నాకు జవాబు కోసం నోట్లో మాటలు తిరుగుతున్నాయి. యంత్రం చిన్నదనీ, ఇంతకంటే గతి లేదనీ అరవాలని ఉంది. సార్ నా వైపు చూసి వద్దన్నట్టు తల ఊపారు. తర్వాత బల్ల మీద చేతులానించి, "కరెక్టు సార్" అన్నారు. "నేను చూడలేదు. నేసుకున్న."

పెద్దాయన ఇబ్బంది పడ్డారు. పని మంచిదేననీ, మొత్తం గెలాక్సీతో ఒక్కసారి నడిపిస్తే సరిపోతుందనీ పదేపదే చెప్పారు. సాయంత్రం మా ఇన్‌ఛార్జి సార్ కూడా నచ్చజెప్పారు.

"అరే భాయ్, ఇది ఒక లిమిటేషన్ అని చివర్ల ఒక పేజీ రాసి సబ్మిట్ చెయ్యి. ఎవరు అడ్డం రారు. పీహెచ్‌డీ లేకపోతె నీకు రావాల్సిన రీడర్ పోస్టు పోతది, చూస్కో."

"పోనియ్ సార్. తిరుగుడు తగ్గుతదని పైన రాసి, ఏమో తెల్వదని కింద రాయాల్నా? గట్ల ఎట్లయితది?"

ఆయన థీసిస్ వెనక్కి తీసుకున్నారు. రీడర్ పోస్టు ఆయన దగ్గర చదువుకున్న కుర్రాడికి వచ్చింది. మొత్తం గెలాక్సీ నడిపించడానికి హైదరాబాద్‌లోని పెద్ద యంత్రం మీద టైమ్ అడిగాం. చూస్తామన్నారు. చూస్తూనే ఉన్నారు. శనివారాలు ఆయన రావడం మానేశారు. కార్డుల పెట్టెను ఒకరోజు మా బీరువా మీద పెట్టి, "ఎలుకలు కొడితె కొట్టనియ్" అని వెళ్లిపోయారు. ఎలుకలకు అంత భయపడిన మనిషి ఆ మాట అన్నందుకు నేను ఆ రోజు బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను.

పాఠాలు మాత్రం మానలేదు. ఆయన క్లాసులో కూర్చుని బయటికొచ్చిన పిల్లలు ఈనాటికీ నాకు ఎక్కడో ఒకచోట తగులుతూనే ఉంటారు, అందరూ మంచి స్థితిలో ఉన్నారు. తన దగ్గరున్నదంతా ఇచ్చేసి నెమ్మదించిన కడ్డీ ఆయనేనని రాయాలని చాలాసార్లు అనిపించింది. ఆయనకు అది నచ్చదు. నక్షత్రాల గురించి మాట్లాడుతూ మనుషుల్ని మధ్యలోకి తెస్తే విసుక్కునేవారు.

ఎనభైల్లో మా కాలేజీకి కొత్త యంత్రం వచ్చింది. కార్డులు పోయి తెరలు వచ్చాయి. చోటు బోలెడు. అప్పటికి సార్‌కు మూత్రపిండాలు చెడిపోయాయి. దవాఖానకు, ఇంటికి మధ్య తిరుగుతున్నారు. నేను ఆయనతో చెప్పకుండానే పాత ప్రోగ్రాం తీసి, జోడు నక్షత్రాలున్న భాగం మొత్తం కొట్టేశాను. ఈసారి ప్రతి నక్షత్రం ఒంటరిదే. దాని ఎదురుగా ఏముంటుందో దానికి తెలియదు. దసరా సెలవుల్లో కాలేజీ ఖాళీ అయితే, బతుకమ్మ ఆడటానికి రావడం లేదేమని ఇంట్లో తిట్లు తింటూ యంత్రం దగ్గర కూర్చున్నాను.

కడ్డీ పుట్టగానే దవాఖానకు పరిగెత్తాను. సార్ మంచం మీద సగం కూర్చుని ఉన్నారు. మొహం ఉబ్బింది. ఆపా కింద చాప మీద కూర్చుని బత్తాయి ఒలుస్తోంది.

"మొత్తం గెలాక్సీ పెట్టిన సార్. కడ్డీ వచ్చింది."

ఆయన దిండు మీద ఇంకాస్త పైకి జరిగారు. తర్వాత, "రెండు కొసలు ఒక్కతీరుగ ఉన్నయా?" అని అడిగారు.

"లేవు సార్. ఒక కొస జర లావున్నది, ఇంకోటి సన్నగ ఉన్నది."

ఆ మాటకు ఆయన మొహం వెలిగిపోయింది. అంత వెలుగు సెమినార్‌కు ముందు కూడా నేను చూడలేదు. "గట్లనే ఉండాలె" అన్నారు. "తిరుగుతాందా?"

"తిరుగుతాంది."

ఆ తర్వాత ప్రతి ఆదివారం వెళ్లేదాన్ని. ప్రతిసారీ అదే ప్రశ్న, తగ్గిందా? తగ్గిందో లేదో చెప్పడానికి అది ఇంకా చాలా చుట్లు తిరగాలి. సెలవులైపోయాక యంత్రం ఎప్పుడు ఖాళీ అయితే అప్పుడే నా వంతు. ఆయన్ను చూస్తే రోజురోజుకూ చిక్కిపోతున్నారు. నా గెలాక్సీ తన తీరికలో తాను తిరుగుతోంది. ఒక ఆదివారం ఆపా నన్ను బయటికి పిలిచి, డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారని చెప్పింది.

నేను లోపలికి వెళ్లి మంచం పక్కన కూర్చున్నాను. ఆయన అడగకముందే, "సార్, తగ్గుతాంది" అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశారు. ఎన్నో ఏళ్లు విద్యార్థుల మొహాలు చూసిన కళ్లు.

"చూసినవా బిడ్డా, అనుకుంటానవా?"

"అనుకుంటాన సార్."

"అయితె చెప్పకు." నా చెయ్యి పట్టుకున్నారు. పట్టులో బలం లేదు, చెయ్యి మాత్రం వెచ్చగా ఉంది. "నా కోసం రెండో సగం నేయకు. చూసినంక చెప్పు. తొందరేం లేదు."

తొందర ఎంత ఉందో ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు, తలుపు దగ్గర కొంగు నోట్లో కుక్కుకుని నిలబడ్డ ఆపాకూ తెలుసు. నేను తలూపాను. మరుసటి ఆదివారం వరకు ఆయన ఆగలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లు యంత్రం వైపు పోబుద్ధి కాలేదు. ఎవరి కోసం? కానీ సగంలో వదిలేయడానికి చేతులు రాలేదు. చలికాలం గడిచి మళ్లీ మా హాల్లో కునికిపాట్లు మొదలయ్యే రోజుల్లో, చివరి బొమ్మ మీద గీత గీసి, కోణమానిని పెట్టాను. మళ్లీ కొలిచాను. మొదటి బొమ్మ నుంచి అన్నీ నేల మీద పరిచి మళ్లీ కొలిచాను. కడ్డీ పొడుగైంది. తిరుగుడు తగ్గింది. బయటి నక్షత్రాలకు ఆ మేరకు పెరిగింది.

అప్పటికి ఇదే మాట పెద్ద యంత్రాలున్న వేరే చోట్ల వేరేవాళ్లు కూడా చెబుతున్నారు. మా ఫలితం లోకంలో ఎవరికీ కొత్త కాదు. ఆ సంగతి నన్ను బాధపెట్టలేదు.

బొమ్మలు చుట్టి ఆపా దగ్గరికి వెళ్లాను. ఆమె వాటిని నేల మీద పరిచి, ఏమీ అర్థం కాకపోయినా ఒక్కొక్కటీ చివరిదాకా చూసింది. వెక్కిరింతలేవీ లేవు.

"ఆయన అన్నట్టే ఉన్నదా?"

"ఉన్నదాపా. అన్నట్టే ఉన్నది."

"ఈసారి చూసినవా?"

"చూసిన."

ఆమె లేచి బురఖా వేసుకుంది. "పా, ఆయనకు చెప్పి వద్దాం" అంది.

ఖబరస్తాన్ లోపలికి ఆడవాళ్లు వెళ్లరు. మేమిద్దరం బయట, గోడ కాస్త కూలిన చోట నిలబడ్డాం. మిట్టమధ్యాహ్నం, ఎండ మాడుతోంది. నీడ ఎక్కడా లేదు, మేము వెతుక్కోలేదు కూడా. ఆపా వేలు పెట్టి ఆయన సమాధిని చూపించింది. కొత్త మట్టి ఇంకా పూర్తిగా కుంగలేదు. నేను ఉద్యోగంలో ఎన్నో రిపోర్టులు చదివాను, పెద్దపెద్ద వాళ్ల ముందు గొంతు తడబడకుండా చదివాను. ఇది మాత్రం రెండుసార్లు మొదలుపెట్టాల్సి వచ్చింది.

"తగ్గింది సార్" అన్నాను. "చూసినంకనే చెప్తాన."